కాయకము – పనిముట్ల సంచి



ప్రతి సంవత్సరము వైశాఖ శుద్ధ తదియనాడు, అక్షయతృతీయా పర్వదినమున, బసవజయంతి మహోత్సవము జరుగుచుండును. ఊరూర బసవేశ్వరుని చిత్రపటము పల్లకిలో ఊరేగును. సభావేదికలపై పెద్దలు 12వ శతాబ్దినాటి కల్యాణపట్టణమును స్మరింతురు. బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, వెదురుబుట్టలు అల్లిన మేదర కేతయ్య, పాదరక్షలు కుట్టిన హరళయ్య, త్రాళ్ళు పేనిన నులియ చందయ్య మున్నగు మహనీయుల నామములు పలికినప్పుడెల్ల సభ కరతాళధ్వనులతో మారుమ్రోగును.

సభ ముగియును. జనులు ఇండ్లకు చేరుదురు. అట్టి ఇంటిలోనే ఒక కుమారుడు తండ్రి యెదుట నిలిచి, "నేను చేతిపని చేసి జీవింపదలచితిని" అని పలికినచో ఏమగును? కరతాళధ్వనులు వినిపింపవు. ఇంటిలో మౌనము ఆవరించును. వేదికమీద పూజలందుకొనిన కాయకము గడప దాటి లోనికి వచ్చునప్పటికి అవమానముగా మారిపోవుచున్నది. ఈ భేదము ఎచట పుట్టినది? దీనిని తొలగించుకొను మార్గమేది? నేటి చింతనకు ఇదియే విషయము.

ఒక ఇంటి కథ

జహీరాబాదువంటి ఒక పట్టణమును తలచుకొనుడు. కల్యాణపు గాలి సోకిన నేల యది. బసవకల్యాణమున్న బీదరు జిల్లా దానికి పొరుగుననే కలదు. ఆ పట్టణమున ఒక లింగాయత గృహస్థుడు. చిన్న కిరాణా దుకాణము ఆయన జీవనాధారము. పెద్దకుమారుడు బి.కాం. చదివి, కొంతకాలము నగరమున ఒక ప్రైవేటు కొలువు చేసి, అది పోగా భార్యతో ఇల్లు చేరెను. అతని చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు. ఇట్టి కుటుంబములు అనేకములు గలవు గనుక వారికి పేరు పెట్టనక్కరలేదు.

ఆ యువకునకు బాల్యమునుండి ఒక అలవాటు. చెడిన వస్తువు కనబడినచో విప్పి చూడనిదే నిద్రపట్టదు. ఖాళీగా నుండిన దినములలో అతడు ఊరి క్రొత్త కాలనీలను గమనించెను. పిల్లలు హైదరాబాదునకో విదేశములకో వెళ్ళగా అనేక గృహములలో వృద్ధులు ఒంటరిగా నున్నారు. ఒకరింట నల్లా కారుచున్నది. ఒకరి తలుపు గొళ్ళెము పడుట లేదు. ఒకరి పంకా మెల్లగా తిరుగుచున్నది. వేరొకరింట స్నానాల గది గచ్చులో బిళ్ళ కదలినది. ఇవి యన్నియు గంట, రెండు గంటల పనులు. పెద్ద మేస్త్రీలు ఇంత చిన్న పనికి రారు. వచ్చెదమన్నవారు నాలుగు దినములు త్రిప్పుదురు. ఈ చిల్లర మరమ్మతులన్నియు ఒక్కడే నేర్చుకొని, పిలిచిన వేళకు వెళ్ళి చేసినచో అది జీవనోపాధి కాదా? ఇదియే అతని ఆలోచన.

తండ్రి విని కలతపడెను. "బిడ్డా! మన వంశమున ఎవరును పరుల ఇండ్లలో నల్లాలు బాగుచేయలేదు. రేపు చెల్లెలిని చూడవచ్చినవారు, అన్న యేమి చేయుచున్నాడని అడిగినచో నేను ఏమని చెప్పవలెను?" అని పలికెను. ఆయన మాటలో క్రోధము లేదు, భయము కలదు. ఆడపిల్ల తండ్రి భయమును తేలికగా త్రోసివేయరాదు. కుమారుడును త్రోసివేయలేదు. వారము దినములు ఆ మాట మరల ఎత్తక ఊరకుండెను.

తండ్రి తన బాధను మఠమునకు కొనిపోయి స్వామివారి సన్నిధిని విన్నవించుకొనెను. కుమారుని మనసు మరల్పుమని ప్రార్థించెను. స్వామివారు ఆయన మెడలోని వెండి లింగకాయను చూచి, "ఇది క్రొత్తదా?" అని అడిగిరి. "కాదు స్వామీ, తాతలనాటిది. మూత వదులైనచో నిరుడు బాగుచేయించితిని" అని ఆయన బదులు చెప్పెను. "బాగుచేసినవాని చేయి తగిలినందున దీని పవిత్రత తగ్గినదా?" అని స్వామివారు మరల ప్రశ్నించిరి. తండ్రి నోట మాట రాలేదు. "ఇష్టలింగమునకు ఇల్లైన దానిని బాగుచేసిన చేయి పవిత్రము. ఆ లింగమును ధరించిన భక్తుని ఇంటిని బాగుచేయు చేయి మాత్రము తక్కువదా?" అని స్వామివారు ఇంకొక మాట చెప్పి ఊరకుండిరి.

తండ్రి ఇంటికి వచ్చి కుమారునితో, "చేయుము. కాని ఎవరింటనైనను మన పేరునకు మచ్చ రానీయకుము" అని అనుమతించెను.

పనిముట్టే బిరుదమైన కాలము

స్వామివారి ప్రశ్న క్రొత్తది కాదు. అనుభవమంటపమున అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠించియుండగా ఆ సభలో కూర్చుండినవారెవరు? బిజ్జలుని కొలువున ఉన్నతపదవి నిర్వహించిన బసవేశ్వరుడు ఒకరు. ఆయన ప్రక్కన దినమంతయు పనిచేసి వచ్చిన శ్రామికులు అనేకులు. వారి పేర్లనే గమనింపుడు. బాచికాయకద బసవయ్య అను శరణుడు కలడు. బాచి యనగా బాడిస, ఆయన వడ్రంగి. సూజికాయకద రామితందె కలడు. సూజి యనగా సూది. ఆయన బట్టలు కుట్టినవాడు. వడ్లు దంచిన సోమమ్మ కొట్టణద సోమమ్మ యైనది. నూలు వడికిన రెమ్మవ్వ కదిరె రెమ్మవ్వ యైనది. రాజులు తమ పేర్లకు ముందు బిరుదములు తగిలించుకొనిన కాలమున ఈ శరణులు తమ పనిముట్లనే తగిలించుకొనిరి. బాడిస, సూది, రోకలి, కదురు – ఇవియే వారి బిరుదములు.

తెలుగునాట పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించినప్పుడు పండితుల కథలతోపాటు మడివాలు మాచయ్య కథను, కట్టెలమోపు అమ్మిన మోళిగ మారయ్య కథను అదే గౌరవముతో వినిపించెను. కాయకజీవులు లేని శివకథ తెలుగు వీరశైవులకు ఏనాడును లేదు.

ఇక నులియ చందయ్య వృత్తాంతము. నులి యనగా పేనిన త్రాడు. నులకమంచములోని నులక ఈ మాటకు చుట్టమే. చందయ్య చెరువుగట్టున గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మి, ఆ ధనముతో జంగమదాసోహము జరిపెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీటిలో పడెనట. ఆయన చేతిలోని పనిని ఆపలేదు. లింగమే ఆయనను వెంబడించి తన్ను గ్రహింపుమని వేడెననియు, మడివాళ మాచయ్య నడుమ నిలిచి ఆ వివాదమును తీర్చెననియు పెద్దలు చెప్పుదురు. ఈ కథ లింగపూజను తక్కువ చేయుటకు పుట్టలేదు. నిష్ఠతో చేయు పని పూజకు వెలుపల నుండదని చెప్పుటకు పుట్టినది. గడ్డి కోయు కొడవలి చందయ్య చేతిలో నున్నంతసేపు ఆయన లింగమునకు దూరము కాలేదు.

అట్లయినచో నేటి మరమ్మతుపనివాని భుజమున వ్రేలాడు సంచి, అందలి సుత్తి, పానా, పటకారు, ఉలి, స్క్రూడ్రైవరు ఏపాటివి? అవియును పూజాద్రవ్యములు కాగలవు. ఎట్లు కాగలవో విచారింపవలెను. సంచి భుజమున వేసికొన్నంత మాత్రమున ఎవడును చందయ్య కాడు.

ఆరంభమునకు ముందు

మొదటిది విద్య. తెలియని పనిని తెలిసినట్లు చేయుట కాయకద్రోహము. మన యువకుడు అనుమతి లభించిన మరునాడే ఇంటింటికి పరుగెత్తలేదు. ఒక వృద్ధ ప్లంబరు వద్ద కొన్ని నెలలు, ఒక వడ్రంగి వద్ద కొన్ని నెలలు సంచి మోసెను. ఇంకను చిన్నవయసున నున్నవారికి పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అనగా ఐ.టి.ఐ.లు, కలవు. అందు ప్లంబరు విద్య ఒక సంవత్సరము, ఎలక్ట్రీషియను విద్య రెండు సంవత్సరములు. పదవ తరగతి ముగిసిన కుమారుడు ఆ మార్గము కోరినచో తలిదండ్రులు చిన్నబుచ్చుకొనక పంపవలెను.

రెండవది హద్దు. ఏ పని చేయవలెనో తెలిసికొనుటకంటె ఏ పని ముట్టరాదో తెలిసికొనుట ముఖ్యము. 250 వోల్టులకు మించని దీపము, పంకా, ఫ్యూజు, స్విచ్చి మొదలగువానిని సామర్థ్యము మారకుండ ఉన్నచోట మార్చుట వేరు. క్రొత్తగా తీగలు లాగుట, మీటరు వద్ద మార్పులు చేయుట వేరు. రెండవ తరగతి పనులు లైసెన్సు గల కాంట్రాక్టరు, పర్మిటు గల పనివాడు చేయవలెనని విద్యుద్భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. స్విచ్చి తీసినంతనే చాలదు. మెయిను ఆపి, టెస్టరుతో పరీక్షించిన పిదపనే తీగను తాకవలెను. వంటగ్యాసు గొట్టము జోలికి పోక ఏజెన్సీ పంపు మనిషినే పిలిపింపుమని చెప్పవలెను.

ఇంకొకటి ప్రాణముతో కూడిన విషయము. పనివానిని ఒప్పించి సెప్టిక్ ట్యాంకులోనికో మురుగుకాలువలోనికో దింపుట కొందరు గృహస్థులకు సామాన్యముగా తోచును. లోపలి విషవాయువు నిమిషములలో ప్రాణము తీయును. రక్షణసామగ్రి లేకుండ అట్లు దింపుట 2013 నాటి చట్టముచేత నేరము. అట్టి పనికి యంత్రము గల వాహనమును పిలువవలెను. దిగనని చెప్పుట పనివాని హక్కు. దిగుమని అడుగకుండుట భక్తుడైన గృహస్థుని ధర్మము.

మూడవది పెట్టుబడి. ఈ వృత్తికి దుకాణము అక్కరలేదు. మంచి పనిముట్లు, ఒక డ్రిల్లింగు యంత్రము, ఒక నిచ్చెన, ఒక ద్విచక్రవాహనము చాలును. 2015లో ఆరంభమైన ముద్ర పథకమున శిశు అను విభాగము క్రింద 50,000 రూపాయలవరకు తాకట్టు లేకుండ బ్యాంకు ఋణము లభించును. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకము 18 సంప్రదాయవృత్తులకు ఉద్దేశింపబడినది. వడ్రంగి, కమ్మరి, తాపీపనివాడు, తాళములు చేయువాడు ఆ పట్టికలో నున్నారు; ప్లంబరు, ఎలక్ట్రీషియను అందు చేర్పబడలేదు. 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఉద్యం నమోదునకు రుసుము లేదు. దానికై దళారికి ధనమిచ్చుట వ్యర్థము. సేవావృత్తివారికి సాంవత్సరిక రాబడి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు జి.ఎస్.టి. నమోదు సామాన్యముగా అక్కరలేదు.

నాలుగవది లెక్క. వచ్చుటకు ఎంత, పనికి ఎంత అనునది ఫోనులోనే చెప్పవలెను. సామాను కొన్న రసీదు యజమానికి చూపవలెను. విప్పిన పాత భాగమును ఆయన చేతికే ఈయవలెను. దినాంతమున ఒక పుస్తకమున జమాఖర్చులు వ్రాసికొనవలెను. మన యువకుని ఇంట ఆ పుస్తకము అతని భార్య చేతిలో నుండెను. ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

గోడ వెనుకనున్న సత్యము

అన్ని వృత్తులలోను ప్రలోభము కలదు. మరమ్మతువృత్తిలో అది ప్రత్యేకమైన రూపమున వచ్చును. బట్టలు కొనువాడు బట్టను తడిమి చూడగలడు. బియ్యము కొనువాడు గింజ నోట వేసికొని చూడగలడు. మరమ్మతు చేయించుకొనువాడు దేనిని చూడగలడు? గొట్టము గోడలో నున్నది. తీగ పైపులో నున్నది. చుట్ట మోటారు లోపల నున్నది. లోపమేమో ఒక్క పనివానికే తెలియును. అతడు చెప్పినదే వేదము, అడిగినదే వెల.

కొన్ని ఉదాహరణములు చూడుడు. నల్లానుండి సెకండునకు ఒక బొట్టు జారుచున్నది. దినమునకు 86,400 బొట్లు. మిల్లీలీటరునకు 20 బొట్ల చొప్పున లెక్కించినను దినమునకు 4 లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1,500 లీటర్లకు పైగా నీరు వృథా యగును. దీనికి తరచుగా కారణము అరిగిన చిన్న వాషరు. దానిని మార్చి ఊరకుండవచ్చును. నల్లానంతయు మార్చవలెనని చెప్పి ఎక్కువ రాబట్టవచ్చును. వానకాలమున తలుపు ఉబ్బి పట్టుకొనుచున్నది. చెక్క తేమను పీల్చినందున ఉబ్బినది. ఎండలు రాగానే తగ్గును. తెలిసినవాడు పట్టుకొనుచున్న అంచును మాత్రమే కొలది చిత్రికపట్టి వదలును. లెక్కలేనివాడు బాగుగా చెక్కివేయును. వేసవిలో ఆ తలుపు సందునుండి వీధి కనబడును. గోడకు చెమ్మ దిగినది. పైన పిట్టగోడ వద్ద పగులుండగా క్రింద రంగు పూసి డబ్బు తీసికొనుట సులభము. రాబోవు వానకు ఆ రంగు పెచ్చులుగా ఊడును, పనివానికి మరల పని దొరకును.

బయటి శుద్ధితోపాటు లోపలి శుద్ధియు కావలెనని బసవేశ్వరుడు బోధించెను. చెమ్మగోడమీద పూసిన రంగు ఆ బోధకు విరుద్ధమైన జీవనమునకు ప్రత్యక్షమైన గుర్తు. విభూతి ధరించిన నుదురు క్రింద అబద్ధమాడు నాలుకయున్నచో అదియును చెమ్మగోడయే.

మన యువకుడు అబద్ధమాడువాడు కాడు. అయినను పరీక్ష వచ్చెను. అది అబద్ధపు రూపమున రాలేదు.

ఒక నెలాఖరున ఒంటరిగా నుండు ఒక అవ్వ అతనిని పిలిచెను. పంకా మెల్లగా తిరుగుచున్నది. "పోయినసారి ఇట్లే యైనది బిడ్డా. మోటారు చుట్ట కాలినదని చెప్పి అతడు 900 రూపాయలు తీసికొనెను. నీవును అంతే తీసికొనుము" అని ఆమె ముందే చెప్పెను. అతడు పంకా దింపి పరీక్షించెను. చుట్ట చక్కగానే యున్నది. కండెన్సరు బలహీనపడినది. మెల్లగా తిరుగు పంకాలలో తరచు కనబడు లోపమిదే. సంచిలోనే 80 రూపాయల కండెన్సరు ఉండెను. పావుగంటలో పని ముగిసెను. పంకా గిఱ్ఱున తిరిగెను. అవ్వ సంతోషించి 900 రూపాయలు అతని చేతిలో పెట్టెను. మూడు దినములలో బ్యాంకు వాయిదా చెల్లింపవలసియున్నది. అతడు ఏమియు అనలేదు. డబ్బు జేబులో పెట్టుకొని వచ్చెను.

ఆ రాత్రి భార్య పుస్తకము తెరచి, "ఈ దినము ఇంత ఎక్కువ ఎట్లు వచ్చినది?" అని అడిగెను. అతడు జరిగినది చెప్పెను. "నేను అడుగలేదు. ఆమెయే ఇచ్చినది. నేను అబద్ధము చెప్పలేదు" అని ముగించెను. ఆమె కలము ప్రక్కన పెట్టి, "ఆమె తెలిసి ఇచ్చినదా?" అని మాత్రము అడిగెను.

అతడు సమాధానము చెప్పలేదు. కండెన్సరు 80, తన మామూలు రుసుము 150, మొత్తము 230 అని పుస్తకమున వ్రాసి, మిగిలిన 670 రూపాయలు తీసికొని ఆ రాత్రియే బయలుదేరెను. అవ్వ తలుపు తీసి, అంతయు విని, "అయితే అప్పుడు వచ్చినవాడును దీనినే మార్చి నన్ను మోసగించెనా?" అని అడిగెను. ఇదియొక రెండవ పరీక్ష. అవుననిన తన కీర్తి పెరుగును. "అది నాకు తెలియదు అవ్వా. అప్పుడు నిజముగనే చుట్ట కాలియుండవచ్చును. నేను చూడనిదానిని చెప్పరాదు" అని అతడు బదులు పలికెను. వాయిదా ఆలస్యమాయెను. జరిమానాయు కట్టవలసి వచ్చెను. దానిని కూడ భార్య అదే పుస్తకమున ఖర్చు వైపున వ్రాసెను.

లక్కమ్మ అడిగిన ప్రశ్న

"ఆమె తెలిసి ఇచ్చినదా?" – ఈ ప్రశ్నకు ఎనిమిది వందల సంవత్సరములకు పైబడిన తోబుట్టువు కలదు. ఆయ్దక్కి మారయ్య యను శరణుడు కల్యాణమున నుండెను. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. నేల రాలిన గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. వానిని వండి జంగములకు సమర్పించి, మిగిలినదానితో జీవించుట ఆ దంపతుల వ్రతము. ఒకనాడు ఆయన మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. సామాన్యురాలు సంతోషించి కుండలో దాచుకొనియుండును. ఆయన భార్య లక్కమ్మ అట్లు చేయలేదు. ఈ అధికము ఎందులకని ప్రశ్నించి, తమకు చాలినంత ఉంచుకొని తక్కినదానిని ఎచటనుండి తెచ్చెనో అచటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

మారయ్య దొంగిలింపలేదు. రాలిన గింజలనే ఏరెను. మన యువకుడును దొంగిలింపలేదు. ఇచ్చినదే తీసికొనెను. లోకన్యాయస్థానమున ఇద్దరును నిర్దోషులు. కాయకన్యాయస్థానము వేరు. తన పనికి తగినంత మాత్రమే తనది. తక్కినది చేతిలోనికి వచ్చినను తనది కాదు. ఎదుటివాని అజ్ఞానమువలన వచ్చిన లాభము రాలిన గింజకంటెను బరువైనది. ఏలనన, అచట నేల ఇచ్చినది. ఇచట నమ్మకము ఇచ్చినది.

మరమ్మతు చేయువాడు ఇంటి లోపలికి వచ్చును. వంటింటిని, పూజగదిని, వృద్ధుల ఒంటరితనమును చూచును. ఆ ఇల్లు తనకు తెలియనిదానిని అతని చేతిలో పెట్టి తలుపు తీయుచున్నది. ఆ తెలియనితనమును కాపాడుటయే ఈ కాయకమునకు ప్రాణము. చూచువాడు లేనిచోట గట్టిగా బిగించిన మర, ఎవరికిని కనబడని గోడలోపల సరిగా అతికిన గొట్టము, అడుగకున్నను చెప్పిన నిజమైన వెల – ఇవియే ఆ పనివాని త్రికాలపూజ.

దాసోహమును గూర్చియు ఇచటనే తెలిసికొనవలెను. అధికముగా లాగిన ధనములో కొంత మఠమునకు సమర్పించినచో అది దాసోహము కాదు. అవ్వవద్ద మిగుల్చుకొనిన 670 రూపాయలతో చేయు అన్నదానముకంటె, తగిన 150 రూపాయల రుసుమునుండి తీసిన ఒక్క రూపాయి గొప్పది.

మఠములు, గృహస్థులు చేయదగినవి

పనివాని నీతి ఒక్కటే చాలదు. సమాజమునకును నీతి కావలెను. మఠమున మోటారు చెడినప్పుడు భక్తుడైన పనివానిని పిలిచి, "స్వామికార్యము గదా" అని కూలి ఎగవేయు వాడుక కొన్నిచోట్ల కలదు. అది తగదు. కాయకమునకు కూలి ఇచ్చి తీరవలెను; పిమ్మట అతడు తన ఇష్టముతో అందుండి సమర్పించినచో అది దాసోహము. బలవంతపు ఉచితసేవకు శరణధర్మమున తావు లేదు.

మఠమున ఖాళీగా నున్న ఒక గదిని నెలకు రెండు ఆదివారములు వడ్రంగము, నల్లాపని, విద్యుత్తు జాగ్రత్తలు నేర్పుటకు ఇయ్యవచ్చును. డ్రిల్లింగు యంత్రము, పెద్ద నిచ్చెన వంటి విలువైన సామగ్రిని అచట ఉంచి, క్రొత్తగా వృత్తిలో దిగిన యువకులకు స్వల్పమైన అద్దెకు ఈయవచ్చును. బసవజయంతి సభలో పట్టములు, పదవులు పొందినవారితోపాటు ఆ సంవత్సరము చేతిపని మొదలుపెట్టిన ఒక యువకుని, ఒక యువతిని వేదికపై కూర్చుండబెట్టవచ్చును. నులియ చందయ్యకు కొట్టిన చప్పట్లు అప్పుడు వారికిని చేరును.

గృహస్థులు చేయవలసినది ఇంకను సులభము. సంచితో వచ్చినవానిని వాకిట నిలువబెట్టక లోనికి పిలిచి మంచినీరు ఇయ్యుడు. చెప్పిన కూలిని బేరమాడక ఇయ్యుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వియ్యమందునప్పుడు "ఏ ఉద్యోగము?" అను ప్రశ్నకు ముందు "ఎట్టి కాయకము?" అను ప్రశ్న వేయుడు.

ఆ కిరాణా దుకాణపు తండ్రికి ఈ ప్రశ్న ఎదురు కాకపోలేదు. కొన్ని మాసములకు కుమార్తెను చూచుటకు ఒక కుటుంబము వచ్చెను. ఫలహారములైన పిదప వరుని మేనమామ, "పెద్దబ్బాయి ఏమి చేయుచున్నాడు?" అని అడిగెను. గోడకు తగిలించిన పనిముట్ల సంచి అందరికిని కనబడుచునే యుండెను. దానిని లోపల దాచుమని తండ్రి ఆ ఉదయము ఎవరితోను చెప్పలేదు. "మావాడు ఇండ్లు బాగుచేయు కాయకము చేయుచున్నాడు. ఈ ఊర ఏ ఇంటనైనను అడుగుడు" అని ఆయన బదులు పలికెను. సంబంధము కుదురుట, కుదురకుండుట ఋణానుబంధము. ఆ మాట పలుకునప్పుడు ఆయన కంఠము తగ్గలేదు. కల్యాణమున ఎన్నడో వెలిగిన దీపము ఆ ఇంట ఆ దినము వెలిగినట్లే యెంచవలెను.

కాయకము చేయు చేతులకు లింగయ్య బలమొసగుగాక! ఆ చేతులను గౌరవించు బుద్ధి సమాజమునకు కలుగుగాక!